ఇంట్లో కట్టుకున్న స్పోర్ట్స్ కారుకు వెనక లైట్లు: ఫైబర్ మడ్‌గార్డు మీద బిగింపు, ఎర్త్, కోణం

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

సభ్యులకు నమస్కారం. పాత మారుతి ఓమ్నీ ఒకటి కొని, దాని ఇంజనును, గేరుబాక్సును, వెనక యాక్సిలును వాడుకుంటూ, చదరపు ఇనుప గొట్టాల చట్రం మీద లోటస్ సెవెన్ (పైకప్పు లేని పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) పోలికలో రెండు సీట్ల కారును మా షెడ్డులో కడుతున్నాను. ఓమ్నీలోని 796 సీసీ ఇంజను చట్రం పొడవు వాటాన కూర్చొని వెనక చక్రాలను తిప్పుతుంది కాబట్టి, ఈ తరహా బండికి మన దగ్గర చౌకగా దొరికే సామాను అంతకన్నా మంచిది నాకు కనిపించలేదు. ఈ కారు రోడ్డు మీద తిరగదు. మా మామిడితోటలోని సొంత దారిలో నడుస్తుంది. ఎప్పుడైనా ట్రాలీ మీద ఎక్కించి కోయంబత్తూరు రేసు ట్రాకుకు తీసుకువెళ్ళాలని ఆలోచన. అయినా లైట్లు మాత్రం రోడ్డు బండికి ఉండవలసిన తీరులోనే ఉండాలని నా పట్టుదల.

వెనక మడ్‌గార్డులు రెండూ ఫైబరుతో పోసినవి. వాటి మీద 120 మి.మీ. వ్యాసం గల గుండ్రటి లైట్లు బిగించాను. పార్కింగు, బ్రేకు, ఇండికేటరు మూడూ ఒకే డబ్బాలో ఉన్నాయి. పార్కింగుకూ బ్రేకుకూ కలిపి ఒక డబల్ కాంటాక్టు (రెండు ఫిలమెంట్ల) బల్బు, ఇండికేటరుకు విడిగా ఒక బల్బు. లైటు బోల్టు మడ్‌గార్డు లోపలి ఇనుప పట్టీకి తగులుతుంది, ఆ పట్టీ చట్రానికి బిగించి ఉంది కనుక ఎర్త్ తీగ, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి చేరే తీగ, విడిగా లాగలేదు. బల్ల మీద బ్యాటరీకి కలిపి చూసినప్పుడు రెండు లైట్లూ చక్కగా వెలిగాయి. కారుకు బిగించిన తరువాత కుడివైపు సరిగానే ఉంది కానీ, బ్రేకు తొక్కితే ఎడమవైపు మూడు ఫిలమెంట్లూ మసకగా వెలుగుతున్నాయి, దానితోపాటు ముందున్న ఎడమ ఇండికేటరు కూడా సన్నగా వెలుగుతోంది. ఇండికేటరు వేస్తే ఎడమ పార్కింగు లైటు దానితో కలిసి కొట్టుకుంటోంది. వైర్లు తారుమారు అయ్యాయేమోనని రంగులు సరిచూశాను, అన్నీ సరిగానే ఉన్నాయి.

రెండవ చిక్కు ఆకారానిది. మడ్‌గార్డు వెనక భాగం వాలుగా ఉండడం వల్ల లైటు నేరుగా వెనక్కి కాకుండా ఆకాశం వైపు చూస్తోంది. మూడవది, బల్బులు తీసేసి ఎల్.ఇ.డి. వేయడం మంచిదా కాదా అన్నది. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

నాపరాయి (కడప)

హంద్రీ గారూ, మీరు రాసిన లక్షణాలు చదివితేనే జబ్బు తెలిసిపోతోంది. ఎడమ లైటుకు ఎర్త్ అందడం లేదు. వైర్ల రంగుల జోలికి ఇక వెళ్ళకండి.

ఏం జరుగుతోందో వివరిస్తాను. డబ్బాలోని మూడు ఫిలమెంట్లకూ ఒక కొస విడివిడిగా ఉంటుంది, రెండవ కొస మాత్రం డబ్బా ఒంటికే కలిసి ఉంటుంది. ఆ ఒంటి నుంచి చట్రానికి దారి తెగిపోయినప్పుడు, బ్రేకు ఫిలమెంటు గుండా వచ్చిన కరెంటు ఆగిపోదు, కె.సి. (కర్నూలు-కడప) కాలువ తూము మూసుకుపోతే నీళ్ళు పక్క పిల్లకాలువలోకి ఎగదన్నినట్లు, అది తిరుగు దారి వెతుక్కుంటుంది. డబ్బాలోనే ఉన్న ఇండికేటరు ఫిలమెంటులోకి వెనక నుంచి దూరి, ఇండికేటరు తీగ పట్టుకొని ముందుకు వెళ్ళి, ముందున్న ఎడమ ఇండికేటరు బల్బు ద్వారా ఎర్త్ చేరుతుంది. అలాగే పార్కింగు ఫిలమెంటు గుండా పార్కింగు తీగలోకి పోయి, కుడి పార్కింగు బల్బు, నంబరు ప్లేటు బల్బు, డాష్‌బోర్డు బల్బుల ద్వారా కూడా చట్రాన్ని చేరుతుంది. దారిలో రెండు మూడు ఫిలమెంట్లు వరుసగా అడ్డుపడుతున్నాయి కాబట్టి 12 వోల్టులను అవి పంచుకుంటాయి, అందుకే ఏదీ పూర్తిగా వెలగదు. పార్కింగు వేసి ఉంచి బ్రేకు తొక్కండి. ఇప్పుడు ఆ రెండు తీగలూ 12 వోల్టుల మీదే ఉంటాయి కనుక వాటి మధ్య కరెంటు పారదు. ఆ రెండింటి కరెంటూ ఇండికేటరు ఫిలమెంటు ఒక్కదాని గుండానే బయటపడాలి. అప్పుడు ముందు ఇండికేటరు వెలుగు కొంచెం పెరిగితే సందేహం పూర్తిగా తీరినట్లే.

నిర్ధారణకు మల్టీమీటరు తీసుకొని, నల్ల తీగ బ్యాటరీ నెగెటివ్ కొనకూ ఎర్ర తీగ ఎడమ లైటు డబ్బా ఒంటికీ ఆనించి, ఎవరి చేతనైనా బ్రేకు తొక్కించండి. మంచి ఎర్త్ ఉంటే 0.2 వోల్టులకు లోపే చూపించాలి. అంతకు మించితే ఎక్కడో తుప్పో రంగో అడ్డం ఉన్నట్లు. లైటు ఆపేసి ఓమ్స్ చూసి తృప్తి పడవద్దు. తీగలో ఒక్క పోగు మిగిలినా మీటరు సున్నా చూపిస్తుంది, అసలు కరెంటు పారినప్పుడే దాని బండారం బయటపడుతుంది.

పాత_ఎంవీఐ (అనంతపురం)

రవాణా శాఖలో మోటారు వాహనాల తనిఖీ చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఎర్త్ విషయం కడప మిత్రులు చెప్పారు కాబట్టి నేను స్థానాల గురించి మాత్రమే రాస్తాను, అయితే ముందుగా ఒక్క మాట. ఓమ్నీ రిజిస్ట్రేషను పత్రం చేతిలో ఉంది కదా అని ఈ కారును దాని నంబరు మీద రోడ్డెక్కించే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. కొత్త బండిగా రావాలంటే కేంద్ర మోటారు వాహనాల నియమావళి 126వ నియమం కింద పుణేలోని ఎ.ఆర్.ఎ.ఐ. వంటి పరీక్షా సంస్థ నమూనాను ధ్రువీకరించాలి. హంద్రీ గారు సొంత దారికీ ట్రాకుకూ పరిమితం చేసుకున్నారు, మంచిదే.

ఇక కొలతలు. మన దేశంలో లైట్ల అమరికకు ఎ.ఐ.ఎస్.-008 ప్రమాణం ఉంది, అది చాలావరకు ఐరోపా 48వ నిబంధనను అనుసరించి రాసినదే. ఐరోపా లెక్క ప్రకారం వెనక పార్కింగు, బ్రేకు, ఇండికేటరు లైట్లు నేల నుంచి 350 మి.మీ. కన్నా కిందికీ 1,500 మి.మీ. కన్నా పైకీ ఉండకూడదు. పార్కింగు లైటు, ఇండికేటరు బండి వెలుపలి అంచు నుంచి 400 మి.మీ. లోపే ఉండాలి, రెండు వైపుల లైట్ల లోపలి అంచుల మధ్య కనీసం 600 మి.మీ. ఎడం ఉండాలి. సెవెన్ తరహా కార్లలో మడ్‌గార్డులు ఒంటికి బయటగా ఉంటాయి కాబట్టి లైట్లు వాటి మీద పెడితే ఈ రెండూ వాటంతట అవే కుదురుతాయి. అందం కోసం వాటిని లోపలి అల్యూమినియం పలక మీదికి తెచ్చేవారు ఉన్నారు. అలా చేస్తే చీకట్లో వెనక వచ్చే వాడికి బండి వెడల్పు అసలు కంటే చిన్నదిగా కనిపిస్తుంది. అది నేను ఒప్పుకోను.

కొలతల కంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది కోణం. పార్కింగు లైటు బయటి వైపు 80 డిగ్రీల వరకు, లోపలి వైపు 45 డిగ్రీల వరకు కనిపించాలి. పైకీ కిందికీ 15 డిగ్రీలు. లైటు నేలకు 750 మి.మీ. కంటే దిగువన ఉంటే కిందికి 5 డిగ్రీలు చాలు. మీ కారు వెనక స్టెప్నీ తగిలిస్తున్నారా? అలా అయితే లోపలి 45 డిగ్రీల నుంచి చూసినప్పుడు చక్రం లైటును మింగేస్తుందేమో చూసుకోండి. బండిని చదును నేల మీద నిలిపి, నాలుగైదు గజాల వెనక నుంచి పక్కలకు నడుస్తూ చూస్తే తెలిసిపోతుంది.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

నాపరాయి గారూ, మీరు చెప్పినట్లే కొలిచాను. ఎడమ డబ్బా ఒంటి మీద ఆరు వోల్టులకు పైగా చూపించింది, కుడివైపు 0.3. ఎడమ పట్టీ చట్రానికి బిగిసిన చోట రంగు మందంగా ఉంది. అక్కడ రంగు గీకేస్తే సరిపోతుందా, లేక తీగ లాగాలా?

ఇన్‌స్పెక్టరు గారికి: స్టెప్నీ వెనక పలక మీదే ఉంది. మీరు చెప్పినట్లు పక్కకు నడిచి చూస్తే, లోపలి వైపు నుంచి లైటు సగం మరుగవుతోంది. స్టెప్నీని తీసేయడం నాకు ఇష్టం లేదు, ఈ కారు అందంలో అది సగం.

నాపరాయి (కడప)

గీకితే ఈ రోజుకు వెలుగుతుంది. వచ్చే వానకాలానికి గీకిన చోటే తుప్పు పట్టి మళ్ళీ ఇక్కడికే వస్తారు. కుడివైపు 0.3 అంటే అది కూడా ఆ దారిలోనే ఉంది, ఇంకా బయటపడలేదంతే.

ఫైబరు కరెంటును మోయదు కనుక, ఇలాంటి కార్లలో ఎర్త్‌ను బోల్టుల దయకు వదలకూడదు. ఒక్కొక్క లైటు నుంచి విడిగా నల్ల తీగ లాగి, రెండింటినీ వెనక చట్రం మీద ఒకే చోట కలపండి. చట్రానికి ఒక చిన్న స్టడ్డు వెల్డింగు చేయించి, దాని చుట్టూ రంగు తీసి, రింగు లగ్గు (తీగ కొసకు నొక్కే కన్నపు బిళ్ళ), పళ్ళ వాషరు, నట్టు బిగించి, ఆ పైన గ్రీసో వాసిలీనో పూయండి. అక్కడి నుంచి బ్యాటరీ నెగెటివ్ వరకు ఒక మందపాటి తీగ వేస్తే ఇంకా మంచిది. వెల్డింగు చేసిన చట్రం తీగలాగే పనిచేస్తుందన్న మాట నిజమే, కానీ ఆ సౌకర్యం ఇంజనుకూ బ్యాటరీకీ వాడుకుందాం, లైట్లకు తీగే వేద్దాం.

తీగ మందం గురించి. ఒక్కొక్క వైపు బ్రేకు 21 వాట్లు, ఇండికేటరు 21, పార్కింగు 5, మొత్తం 47 వాట్లు. అంటే 12 వోల్టుల దగ్గర దాదాపు 4 ఆంపియర్లు ఆ ఒక్క ఎర్త్ తీగలోనే తిరిగి రావాలి. అందుకని ఎర్త్ తీగ మిగతా వాటి కంటే సన్నగా ఉండకూడదు. రెండు బ్రేకు లైట్లకూ కలిపి 42 వాట్లు, 3.5 ఆంపియర్లు. పెడల్ నుంచి వెనక దాకా 5 మీటర్లు అనుకుంటే, 1 చదరపు మి.మీ. రాగి తీగలో 0.3 వోల్టు పోతుంది, అర చదరపు మి.మీ. తీగలో 0.6 వోల్టు పోతుంది. తేడా చిన్నదే కదా అనిపించవచ్చు. కానీ ఫిలమెంటు బల్బులో వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా తగ్గుతుంది. ఇళ్ళలో వాడే ఒంటి కడ్డీ తీగ మాత్రం వద్దు, అదురుకు విరిగిపోతుంది. పోగుల తీగే వాడండి. బ్రేకుకు 10 ఆంపియర్ల ఫ్యూజు, పార్కింగుకు 5 చాలు.

ఇంకొకటి. డబల్ కాంటాక్టు బల్బు, అంటే పెట్టె మీద పి21/5డబ్ల్యూ అని రాసి ఉండేది, దాని పక్క ముల్లులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు. హోల్డరులో ఒక్క తీరుగానే కూర్చునేలా అలా చేశారు. సందుల్లో అమ్మే నాసిరకపు హోల్డర్లు మెత్తగా ఉండి తిరగేసినా కూర్చోనిస్తాయి, అప్పుడు పార్కింగు 21 వాట్లతోనూ బ్రేకు 5 వాట్లతోనూ వెలుగుతాయి. మీ సమస్య అది కాదు కానీ, బల్బు మార్చేటప్పుడు గుర్తుంచుకోండి.

ఎర్రమట్టి_లేత్ (అనంతపురం)

లైటు ఆకాశం చూడడం గురించి నేను చెబుతాను, లైటు కింద పెట్టి కోణం సరిచేసే దిమ్మల పని మా లేత్ దగ్గరికి వస్తుంటుంది. ముందు మడ్‌గార్డు వాలు ఎంతో తెలియాలి. మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండుదారాన్ని లైటు కింది అంచుకు తగిలేలా వేలాడదీసి, పై అంచుకూ దారానికీ మధ్య దూరం కొలవండి. ఫోనులోని మట్టం చూసే సదుపాయం కూడా చాలు, అయితే కారులో ఇద్దరు మనుషుల బరువు ఉన్నప్పుడు కొలవాలి. తేలిక బండి కాబట్టి మనుషులు ఎక్కితే వెనక భాగం దిగుతుంది, వాలు మారుతుంది.

ఉదాహరణకు వాలు 20 డిగ్రీలు అనుకుందాం. 120 మి.మీ. లైటుకు పైన మందంగా ఉండే వాలు దిమ్మ కావాలి, కింద దాదాపు సున్నా, పైన సుమారు 44 మి.మీ. ఇది నైలాను కడ్డీని ఏటవాలుగా కోసి, లోపల బోలుగా లేత్ మీద తొలిచి చేయవచ్చు. చూడడానికి నీటుగా వస్తుంది. కానీ నిజం చెప్పాలంటే మీ పనికి నైలాను నేను సిఫారసు చేయను. దాని మీద రంగు నిలవదు, పైగా మడ్‌గార్డు వాలుగా మాత్రమే కాదు, రెండు వైపులా వంపు తిరిగి ఉంటుంది కాబట్టి చదునైన అడుగు దాని మీద ఎప్పటికీ అతకదు, ఒక మూల సందు మిగులుతుంది. మామూలు చెక్క వానకు ఉబ్బుతుంది. ఫైబరుతోనే దిమ్మ పోసుకోవడం సరైన దారి, దాన్ని గురించి ప్రొద్దుటూరు మిత్రులు బాగా చెప్పగలరు.

ట్యాంకు_పోత (ప్రొద్దుటూరు)

ఫైబరు నీళ్ళ ట్యాంకులూ ఆర్చీల బొమ్మలూ పోసేవాణ్ణి, కార్లు నాకు కొత్త. అయినా పోత పోతే.

మడ్‌గార్డు మీద లైటు వచ్చే చోట మొత్తం మాస్కింగు టేపు అంటించి, దాని మీద మైనం పాలిషు పల్చగా రుద్దండి. లైటు అడుగు కొలతకు ఒక అట్టగొట్టం ఏటవాలుగా కోసి టేపు మీద నిలబెట్టి, దాని చుట్టూ మ్యాట్టు (గాజు పోగుల గుడ్డ), రెసిన్ రెండు మూడు పొరలు వేయండి. అడుగు అంచుకు ఫైబరు పేస్టు దట్టంగా పెట్టి నొక్కితే, మడ్‌గార్డు వంపు ఎలా ఉంటే అలాగే ఆ పేస్టు అచ్చు తీసుకుంటుంది. గట్టిపడ్డాక ఊడదీసి, అట్ట పీకేసి, అంచులు ఎమరీ కాగితంతో సాపు చేయండి. ఎడమదీ కుడిదీ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి, ఒకదాని అచ్చుతో రెండవది తీయవద్దు. మన ఎండల్లో మే నెలలో పోత పోస్తుంటే రెసిన్ డబ్బాలోనే గడ్డ కడుతుంది. హార్డెనరు తగ్గించుకొని తెల్లవారుజామున పని మొదలుపెట్టడం నా పద్ధతి.

రంధ్రం కోసేటప్పుడు జెల్‌కోటు (బయటి నున్నటి పొర) వైపు నుంచే కోయాలి. టేపు అంటించి, హోల్ సాను (డ్రిల్లుకు తగిలించే గుండ్రటి రంపాన్ని) మొదట వెనక్కి తిప్పుతూ నున్నటి పొర మీద గాడి పడనిచ్చి, తరువాత ముందుకు తిప్పితే అంచు పెచ్చులు లేవవు. లోపలి నుంచి కోస్తే జెల్‌కోటు పగిలి నక్షత్రంలా చీలుతుంది. కోసిన అంచును అలాగే వదలకుండా రెసిన్ పూసి మూయండి, లేకపోతే నీళ్ళు గాజు పోగుల వెంట లోపలికి ఎక్కుతాయి. బోల్టు తల కింద పెద్ద వాషరు, లోపల చిన్న ప్లైవుడ్ ముక్క రెసిన్‌తో అతికించి దాని మీద నట్టు. ముక్కుకు గుడ్డ కాదు, దుమ్ము మాస్కు పెట్టుకోండి. గాజు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

వైరింగ్_కుర్రాడు (కర్నూలు)

నేను ఇంజనీరింగు చదువుతున్నాను, మా కళాశాల జట్టు కోసం చిన్న రేసు బండికి వైరింగు చేశాను. పెద్దలు బల్బుల లెక్కలే చెబుతున్నారు కానీ, ఎల్.ఇ.డి. వేసుకుంటే ఈ 4 ఆంపియర్లూ మందపాటి తీగలూ అన్నీ అనవసరం కదా? రెండు వైపులా కలిపినా ఒక ఆంపియరు దాటదు. వేడి ఉండదు, అదురుకు ఫిలమెంటు తెగే బాధ ఉండదు. అంతేకాక ఫిలమెంటు ఎర్రబడడానికి సెకనులో ఐదవ వంతు దాకా పడుతుంది, ఎల్.ఇ.డి. వెంటనే వెలుగుతుంది. వంద కిలోమీటర్ల వేగంలో అది ఐదు మీటర్లకు పైగా దూరం.

నాపరాయి (కడప)

తమ్ముడూ, ఆఖరి లెక్క సరైనది, ఆ లాభం నిజమైనదే. కానీ ఎల్.ఇ.డి. అన్న పేరు కింద రెండు వేరువేరు వస్తువులు ఉన్నాయి. ఒకటి, మొదటి నుంచీ ఎల్.ఇ.డి. కోసమే తయారైన మూసిన లైటు. అది మంచి కంపెనీది అయితే కళ్ళు మూసుకొని వేసుకోవచ్చు. రెండవది, పాత బల్బు హోల్డరులో దూర్చే ఎల్.ఇ.డి. బల్బు. హంద్రీ గారు అడిగింది ఈ రెండవదే. ఈ లైటు లోపలి పళ్ళెమూ బయటి అద్దం మీది గీతలూ చిన్న ఫిలమెంటు ఒకే చోట వెలుగుతుందన్న లెక్కతో గీసినవి. అక్కడ నాలుగు పక్కలకూ చిప్పులు అతికించిన బల్బు పెడితే వెలుగు పడవలసిన చోట పడదు. నేరుగా వెనక నుంచి చూస్తే కళ్ళు చెదురుతాయి, 45 డిగ్రీల పక్క నుంచి చూస్తే ఏమీ కనిపించదు. ఎర్ర అద్దం వెనక తెల్ల ఎల్.ఇ.డి. పెట్టడం ఇంకా తప్పు, తెల్ల ఎల్.ఇ.డి. వెలుగులో ఎరుపు పాలు తక్కువ, మిగతాదంతా అద్దమే తాగేస్తుంది. తప్పనిసరై పెడితే ఎరుపు అద్దానికి ఎరుపు, పసుపు అద్దానికి పసుపు రంగువే పెట్టాలి.

ఇండికేటరు దగ్గర మరో పేచీ. పాత రకం ఫ్లాషరు (ఇండికేటరును కొట్టుకునేలా చేసే డబ్బా) బల్బుల కరెంటును బట్టి నడుస్తుంది, ఎల్.ఇ.డి. వేస్తే బల్బు పోయిందనుకొని వేగంగా కొట్టుకుంటుంది లేదా అసలు కొట్టుకోదు. నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి, 90 మంచి లెక్క. దీనికి 6 ఓమ్‌ల రెసిస్టరు అడ్డంగా కలిపే అలవాటు మన మెకానిక్కుల్లో ఉంది. ఇంజను నడుస్తుండగా 13.5 వోల్టుల దగ్గర అది 30 వాట్ల వేడిని కక్కుతుంది, దాన్ని తీసుకెళ్ళి ఫైబరు మడ్‌గార్డుకు కడితే ఏమవుతుందో ప్రొద్దుటూరు మిత్రులను అడగండి. కరెంటు ఆదా కోసం ఎల్.ఇ.డి. వేసి, ఆ కరెంటునే వేడిగా తగలేయడం నాకు నవ్వు తెప్పిస్తుంది. ఎర్త్ తీగ కూడా ఉండే మూడు కాళ్ళ ఎలక్ట్రానిక్ ఫ్లాషరు కొంటే రెసిస్టరు అవసరమే లేదు. దాని కాళ్ళ మీద 31, 49, 49ఎ అని ఉంటుంది, 31 ఎర్త్‌కు, 49 ఫ్యూజు నుంచి వచ్చే కరెంటుకు, 49ఎ ఇండికేటరు స్విచ్చుకు. ఏ రకం లైటు వేసినా ఎర్త్ తీగ మాత్రం తప్పదు.

ట్యాంకు_పోత (ప్రొద్దుటూరు)

అడిగారు కాబట్టి: మామూలు పాలిస్టరు రెసిన్ అంత వేడికి మెత్తబడి వంగుతుంది, నల్ల రంగు వేసి ఎండలో నిలిపిన బండి అయితే ఇంకా ముందే. రెసిస్టరును ఇనుప చట్రానికి తప్ప దేనికీ బిగించవద్దు.

పాత_ఎంవీఐ (అనంతపురం)

లైటు ఎంపిక గురించి ఒకరిద్దరు నాకు విడిగా సందేశాలు పంపారు కనుక ఇక్కడే రాస్తాను. అద్దం మీద అచ్చులో పోసిన గుర్తులు చదవడం నేర్చుకోండి. వృత్తంలో ఇ అక్షరం, పక్కన ఒక అంకె ఉంటే అది ఐరోపా ఆమోదం పొందినది. 1 జర్మనీ, 11 బ్రిటన్. దాని దగ్గరే ఆర్ అని ఉంటే పార్కింగు లైటుగా, ఎస్1 అని ఉంటే బ్రేకు లైటుగా, 2ఎ అని ఉంటే వెనక ఇండికేటరుగా, ఐఎ అని ఉంటే రిఫ్లెక్టరుగా పరీక్షలో నెగ్గినట్లు. ట్రాక్టరు ట్రాలీలకు అమ్మే గుండ్రటి లైట్లలో నేను చూసిన చాలావాటి మీద ఏ గుర్తూ ఉండదు. అవి వెలుగుతాయి, అంతవరకే.

రిఫ్లెక్టర్ల మాట ఎవరూ ఎత్తలేదు. వెనక రెండు ఎర్ర రిఫ్లెక్టర్లు నియమావళి ప్రకారం తప్పనిసరి. బ్యాటరీ చచ్చి తోట దారిలో బండి ఆగిపోయిన రాత్రి, వెనక వచ్చే ట్రాక్టరు వాడికి మీరు ఉన్నారని చెప్పేవి అవే. లైటు అద్దంలో ఐఎ లేకపోతే విడిగా బిగించండి, నేల నుంచి 250 మి.మీ. మొదలు 900 మి.మీ. లోపు, అడ్డం లేకుండా.

స్టెప్నీ విషయంలో పట్టుబట్టను. దాన్ని 40, 50 మి.మీ. కిందికి దించి, దిమ్మ సాయంతో లైటు వెనక్కి జరిగితే మరుగు చాలావరకు పోతుందని నా అంచనా, కొలిచి చూడండి. వీటిలో దిమ్మ వల్లే ఎక్కువ లాభం. మీ కారు లారీ బంపరు ఎత్తుకు అటూ ఇటూగా ఉంటుంది, దగ్గరగా వచ్చిన లారీ డ్రైవరు పై నుంచి చూస్తాడు కాబట్టి లైటు కొంచెం పైకి చూస్తే మంచిదే కదా అని కొందరు వాదిస్తారు. పైకి 15 డిగ్రీల వెలుగు లైటు అద్దంలోనే ఉంది. లైటును పైకి వాలిస్తే దూరం నుంచి వచ్చేవాడికి అందవలసిన నడి వెలుగు పోతుంది. నియమావళి ప్రకారం వెనక ఎర్ర దీపం 155 మీటర్ల నుంచి కనిపించాలి.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

అందరికీ కృతజ్ఞతలు. స్టడ్డు వెల్డింగు చేయించి, రెండు లైట్లకూ 1.5 చదరపు మి.మీ. ఎర్త్ తీగలు లాగాను. ఇప్పుడు బ్రేకు తొక్కితే రెండు వైపులా 0.1 వోల్టుకు లోపే చూపుతోంది, ముందు ఇండికేటరు కదలడం లేదు. దిమ్మలు పోశాను, వాలు 17 డిగ్రీలు వచ్చింది. స్టెప్నీని దించాను; ఇప్పుడు లోపలి వైపు నుంచి లైటు పూర్తిగా కనిపిస్తోంది. బల్బులే ఉంచాను, ఫ్లాషరు మాత్రం మూడు కాళ్ళది మార్చాను.

చక్రం విసిరే కంకర, బురద లైటు వెనక భాగాన్ని కొడుతున్నాయి. డబ్బా చుట్టూ అంతా సిలికాను పెట్టి మూసేయవచ్చా? ఇంకొక సందేహం నంబరు ప్లేటు లైటు గురించి. ట్రాకుకు అవసరం లేకపోయినా దాన్ని కూడా సరిగా పెట్టాలని ఉంది.

నాపరాయి (కడప)

అంతా మూయవద్దు. పగలు ఎండకు వేడెక్కి, రాత్రి చల్లబడే డబ్బా ఎలాగూ గాలిని పీలుస్తుంది. దారి లేకపోతే తీగ సందుల నుంచే తేమను పీల్చి లోపల పొగమంచు పట్టించుకుంటుంది. పైనా పక్కలా సిలికాను పెట్టి, అడుగున ఉన్న చిన్న నీటి రంధ్రాన్ని తెరిచి ఉంచండి. అద్దం మీద పైభాగం గుర్తు ఉంటుంది, దాన్ని బట్టి బిగిస్తేనే ఆ రంధ్రం కిందికి వస్తుంది. కంకరకు అడ్డంగా డబ్బా వెనక అల్యూమినియం రేకు గిన్నె ఒకటి మడ్‌గార్డు లోపల బిగించి, తీగను గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు కట్టు) గుండా తెచ్చి, జోడింపులు మాత్రం చక్రం గూటి లోపల పెట్టకుండా వెనక పలక లోపలికి తీసుకుపోండి. అక్కడ రబ్బరు సీలు ఉండే కనెక్టర్లు వాడండి. టంకం పెట్టవద్దు, టంకం ఆగిన చోట తీగ బిరుసెక్కి అదురుకు సరిగ్గా అక్కడే విరుగుతుంది. మంచి ప్లయరుతో లగ్గు నొక్కి, వేడికి ముడుచుకునే స్లీవు తొడిగితే చాలు.

పెడల్ స్విచ్చు కూడా ఒకసారి చూడండి. మీరు పెడళ్ళ పెట్టె మార్చి ఉంటారు కాబట్టి ఓమ్నీ స్విచ్చు పాత కొలతలో కూర్చోదు. బ్రేకు పట్టడానికి ముందే, పెడల్ కొద్దిగా కదలగానే లైటు వెలగాలి. బ్రేకు గొట్టంలో పెట్టే ప్రెషరు స్విచ్చు సులువుగా బిగుస్తుంది కానీ ఒత్తిడి పెరిగితే గానీ వెలగదు, నాకు అది నచ్చదు.

పాత_ఎంవీఐ (అనంతపురం)

నంబరు ప్లేటు లైటు తెల్లటిది ఉండాలి, ప్లేటు మీది అక్షరాలు 15 మీటర్ల దూరం నుంచి చదవగలిగేంత వెలుగు ఇవ్వాలి. 5 వాట్ల బల్బు చాలు. దాన్ని ప్లేటు పైన పెట్టి కిందికి వెలుగు పడేలా తిప్పండి, బల్బు మాత్రం వెనక నుంచి నేరుగా కనిపించకూడదు. రివర్సు లైటు తప్ప వెనక్కి తెల్ల వెలుగు చూపేది ఏదీ బండికి ఉండరాదు. తీగను ఎడమ పార్కింగు తీగకు కలపండి, కానీ దాని ఎర్త్ మాత్రం అల్యూమినియం పలక మీద కాకుండా మీరు కొత్తగా వేసిన స్టడ్డుకే తెచ్చి బిగించండి.